పోగో, బ్లూమ్ కౌంటీ పాత పేపర్‌బ్యాక్‌లు: ఏం చూసి కొనాలి?

పత్రికల్లో వచ్చిన వ్యంగ్య కామిక్ స్ట్రిప్పులన్నీ ఇప్పుడు పెద్ద అట్టల సంపుటాలుగా దొరుకుతుంటే, పాత పేపర్‌బ్యాక్‌ల కోసం వెతకడం దండగేనా అని అడిగారు. దండగ కానే కాదు. నేనుండేది అమెరికాలోని జార్జియాలో. వాల్ట్ కెల్లీ జంతువుల పాత్రలతో గీసిన పోగో స్ట్రిప్ కథంతా నడిచే ఒకెఫెనోకీ చిత్తడి అడవి చాలావరకు మా రాష్ట్రంలోదే. అందుకే నా సేకరణ పోగోతో మొదలైంది.

సైమన్ అండ్ షుస్టర్ వాళ్ళు 1951 నుంచి వేసిన పోగో పుస్తకాలు పేపర్లో వచ్చినవాటిని ఉన్నదున్నట్టు గుదిగుచ్చినవి కావు. కెల్లీ తనే కూర్చుని కొన్ని తీసేసి, కొన్ని మార్చి, అక్కడక్కడా కొత్త బొమ్మలు గీసి, కథ ఏకబిగిన చదువుకునేలా తయారుచేశాడు. 2011 నుంచి ఫాంటాగ్రాఫిక్స్ తెస్తున్న సంపుటాల్లో తేదీలవారీగా పేపర్లో అచ్చయిన రూపం ఉంటుంది. అవీ కావాలి, ఇవీ కావాలి. కెల్లీ చేతి కూర్పు మాత్రం ఈ పాతవాటిలోనే చూస్తాం.

1953లో, కమ్యూనిస్టులంటూ కనబడినవాళ్ళ మీదల్లా నిందలు వేసే సెనేటర్ జోసెఫ్ మెకార్తీ పేరు చెబితే జనం జడుసుకుంటున్న రోజుల్లో, కెల్లీ అతని మొహాన్ని ఒక అడవిపిల్లికి పెట్టి సింపుల్ జె. మలార్కీ అని పేరు పెట్టాడు. ఆ మొహం మళ్ళీ కనబడితే స్ట్రిప్ ఆపేస్తామని ప్రావిడెన్స్ పత్రిక ఒకటి బెదిరించింది. ఆ ఊరుండేది రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో. కెల్లీ సరిగ్గా రోడ్ ఐలాండ్ రెడ్ జాతి కోడిపెట్టను రంగంలోకి దింపి, అది వస్తుంటే మలార్కీ చేత తలకు సంచీ తొడిగించి, ప్రావిడెన్స్ వాళ్ళ కంట పడకూడదని అనిపించాడు! నా దగ్గరున్న ఒక ప్రతిలో, మలార్కీ మొదట కనబడే పేజీ అంచున ఎవరో పెన్సిల్‌తో సన్నగా మెకార్తీ పేరు రాసుకున్నారు. అలాంటి రాతలున్నాయని ధర తగ్గించి అమ్ముతారు. నేనైతే వాటినే ముందు తీసుకుంటాను.

కొనేముందు అట్ట మెరుపు చూసి మురిసిపోకండి. వెన్ను చూడండి. ఇవి కుట్టు పుస్తకాలు కావు, జిగురుతో అంటించినవి. జిగురు ఎండితే మధ్య పేజీలు ఊడి వస్తాయి. ఆన్‌లైన్లో కొంటుంటే, పుస్తకం మధ్యకు తెరిచి ఫోటో పెట్టమని అమ్మేవాళ్ళని అడగండి. కాగితం పసుపు తిరగడం మామూలే, మడిస్తే విరిగేలా పెళుసెక్కితే వద్దు.

బర్క్‌లీ బ్రెథెడ్ గీసిన బ్లూమ్ కౌంటీ స్ట్రిప్ పుస్తకాలు 1983 నుంచి లిటిల్, బ్రౌన్ సంస్థ వేసింది. ఇవి తేలిగ్గా దొరుకుతాయి. ఒక్క బిల్లీ అండ్ ద బోయింగర్స్ బూట్‌లెగ్ (1987) దగ్గర మాత్రం ఆగండి. అందులో రెండు పాటలున్న పల్చటి ప్లాస్టిక్ రికార్డు పెట్టి అమ్మారు. చాలామంది దాన్ని చింపి తీసేసుకున్నారు, కాబట్టి అది ఉందో లేదో అడక్కుండా డబ్బు కట్టొద్దు.

అమెరికాలో ఉంటే లైబ్రరీల పాత పుస్తకాల అమ్మకాలకు వెళ్ళండి, హాస్యం అరలోనే కాక పిల్లల అరలో కూడా వెతకండి. పోగోని జంతువుల బొమ్మల పుస్తకం అనుకుని అక్కడ పెట్టేస్తుంటారు. హైదరాబాద్‌లో అయితే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆర్.కె. లక్ష్మణ్ యు సెడ్ ఇట్ పాత సంకలనాలతో మొదలుపెట్టవచ్చు. చిరిగిన పేజీకి సెల్లోటేప్ మాత్రం వేయకండి. కొన్నేళ్ళకి అది గోధుమరంగు తిరిగి బొమ్మని కూడా తినేస్తుంది.