బొమ్మల కార్డులు ఇస్తే పిల్లాడికి ఇక మాటలు రావా?

మీ బాబుకి మూడేళ్ళు నిండినా ఒక్క మాట రాలేదని, నడక కూడా ఆలస్యమైందని రాశారు. కావాల్సినదాని బొమ్మ చేతికిచ్చి అడగడం నేర్పే బొమ్మల కార్డులు మొదలుపెట్టమని థెరపీ మేడం అంటే, మీ అత్తగారు ‘అవి అలవాటైతే వీడు ఇక నోరు విప్పడు’ అంటున్నారని అడిగారు. మాది విజయనగరం. మావాడికి ఇప్పుడు పదకొండేళ్ళు. ఈరోజుకీ నోటితో మాట్లాడడు. కానీ ఏం కావాలో, ఏం వద్దో చెబుతాడు. అందుకే మీకు గట్టిగా చెబుతున్నాను చెల్లీ, కార్డులు ఈ వారమే మొదలుపెట్టండి.

మా ఇంట్లోనూ వస అరగదీసి నాలుకకి రాశారు. పైడితల్లమ్మకి మొక్కుకున్నాం. ‘వాళ్ళ నాన్నకీ నాలుగేళ్ళకే మాటలొచ్చాయి’ అని చుట్టాలందరూ ధైర్యం చెప్పారు. ఒక డాక్టరుగారు కూడా అయిదేళ్ళ దాకా చూడమన్నారు. అలా ఏడాదిన్నర పోయింది. దాహమేసినా, భయమేసినా వాడికి తెలిసిన దారి ఒక్కటే, గోడకి తల కొట్టుకోవడం. మేం దాన్ని మొండితనం అనుకుని కోప్పడ్డాం. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

కార్డుల సంగతి చెప్పేముందు ఒక మాట. వినికిడి పరీక్ష గురించి మీరేమీ రాయలేదు. పిలిస్తే తిరుగుతున్నాడు కదా అని వదిలేయకండి. కొన్ని శబ్దాలు వినిపించి కొన్ని వినిపించని పిల్లలుంటారు. బెరా అనే పరీక్షలో పిల్లాణ్ణి నిద్రపుచ్చి, తలకి, చెవుల దగ్గర వైర్లు అంటించి చూస్తారు. మేం విశాఖ తీసుకెళితే బస్సులోనే హాయిగా నిద్రపోయి, తీరా అక్కడికి వెళ్ళాక లేచి కూర్చున్నాడు. ఇంకో రోజు మళ్ళీ వెళ్ళాం. దారిలో మాత్రం నిద్రపోనివ్వకండి.

మా మొదటి కార్డు మరమరాలది. వాడికి ప్రాణం అవంటే. ఫోన్‌లో ఫోటో తీసి, స్టూడియోలో ప్రింటు వేయించి, జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాను. నేను మరమరాల గిన్నె పట్టుకుని ఎదురుగా కూర్చునేదాన్ని. మా ఆడపడుచు వాడి వెనక కూర్చునేది. వాడు గిన్నె వైపు చెయ్యి చాచగానే, ఆ చేత్తోనే కార్డు తీయించి నా చేతిలో పెట్టించేది. నేను ‘మరమరాలు’ అని, వెంటనే గుప్పెడు ఇచ్చేదాన్ని. వెనక ఉన్నవాళ్ళు నోరు మెదపకూడదు. మనం ‘ఏం కావాలి నాన్నా’ అని అడగకూడదు. అలా అలవాటైతే మనం అడిగేదాకా ఎదురుచూస్తూ కూర్చుంటాడు. ఇదంతా ఆకలి మీద ఉన్నప్పుడే చేయాలి, కడుపు నిండాక కాదు.

పదిరోజులు దాటాక ఒక సాయంత్రం నేను పప్పుకి తాలింపు వేస్తుంటే ఎవరో కొంగు లాగారు. చూస్తే వాడు, చేతిలో కార్డు. నాలుగున్నరేళ్ళలో వాడు నన్ను అడిగిన మొదటి సంగతి అది. తాలింపు మాడిపోయింది. నేను వాణ్ణి పట్టుకుని వంటింట్లోనే కూర్చుండిపోయాను.

కార్డుల వల్ల మాట ఆగదు. దీని మీద జరిగిన పరిశోధనల్లో కూడా అలా ఆగిన దాఖలా లేదు, కొందరు పిల్లల్లో మాటలు కాస్త పెరిగాయి కూడా. మావాడికి పెరగలేదు, అది కార్డుల తప్పు కాదు. మా అత్తగారు మొదట్లో ఈ కార్డులంటేనే ఇష్టపడలేదు. ఒకరోజు వాడు తనంతట తానే ఆవిడ చేతిలో కార్డు పెట్టాడు. మర్నాడు ఆవిడే చోడంబలి గ్లాసుకి ఫోటో తీయమంది. మీ అత్తగారికి నచ్చజెప్పే పని పెట్టుకోకండి. గిన్నె ఆవిడ చేతికే ఇచ్చి ఎదురుగా కూర్చోబెట్టండి.

తిండివి వచ్చాక ‘వద్దు’, ‘నొప్పి’ కార్డులు తప్పకుండా చేయండి. రెండేళ్ళ క్రితం మావాడు మూడు రోజులు అన్నం ముట్టకుండా చెంప కొట్టుకున్నాడు. ‘నొప్పి’ కార్డు ఇచ్చాడు. మనిషి బొమ్మ ముందు పెడితే నోటి మీద వేలు పెట్టాడు. చూపిస్తే దవడ పన్ను పుచ్చింది. పిల్లాడి తీరు ఉన్నట్టుండి మారితే ముందు పన్ను, చెవి, మలబద్ధకం చూడండి. మొండితనం అనుకోవద్దు.

కాగితాల పని కూడా పక్కన పెట్టకండి. వైకల్యం పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ ఎప్పుడిస్తున్నారో మీ సచివాలయంలో అడగండి. వైకల్యం 40 శాతం, ఆపైన ఉందని సర్టిఫికెట్ వస్తే పింఛనుకి అర్హత ఉంటుంది. 2024 నుంచి మన ఆంధ్రాలో అది నెలకి 6,000 రూపాయలు. నేషనల్ ట్రస్ట్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇచ్చే నిరామయ ఆరోగ్య బీమాలో లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చు కూడా అందులోకి వస్తుంది. ఆటిజం, బుద్ధిమాంద్యం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్ళకే అది. ఇలాంటి పిల్లలకి చదువు, థెరపీ ఇచ్చే ప్రభుత్వ భవిత కేంద్రం మీ మండలంలో ఎక్కడుందో బడిలో అడిగితే చెబుతారు, అక్కడ ఫీజు ఉండదు. క్యాంపు రోజున మాత్రం వాడి కార్డులు, ఇష్టమైన తిండి డబ్బా మర్చిపోకండి. మేం పొద్దున వెళితే మధ్యాహ్నం రెండింటికి పిలిచారు.