ముక్కులు మార్చుకున్నాయా, మారాయా?

సందేహం: మా స్కూలు పత్రికకు ఒక విద్యార్థి రాసిన సైన్సు వ్యాసంలో ఇలా ఉంది: ‘గాలాపాగస్ దీవుల్లో ఫించ్ పక్షులు దొరికే తిండికి తగ్గట్టు తమ ముక్కులను మార్చుకుని కొత్త జాతులను ఏర్పరచుకున్నాయి.’ చదవడానికి బాగానే ఉంది కానీ ఎక్కడో తేడాగా అనిపిస్తోంది. దిద్దాలా? – ఒక ఉపాధ్యాయురాలు

సమాధానం: దిద్దాలమ్మా. వ్యాకరణ దోషమేమీ లేదు, అర్థమే పక్కదారి పట్టింది. కారణం ‘కొను’.

‘వండింది’కీ ‘వండుకుంది’కీ తేడా మనకు తెలిసిందే. ‘కొను’ చేరితే కర్త తన కోసం తానే ఆ పని చేసినట్టు. ‘మబ్బులు కమ్ముకున్నాయి’, ‘తలుపు మూసుకుంది’ అన్నప్పుడు ఆ ఉద్దేశం లేదు కదా అంటారేమో. నిజమే, కానీ అక్కడ కర్మ లేదు. ‘ముక్కులను’ అని కర్మను పెట్టి ‘మార్చుకున్నాయి’ అనేసరికి, పక్షులు పనిగట్టుకుని ఆ పని చేసినట్టయింది.

అసలు జరిగేది వేరు. 1977లో అక్కడి డాఫ్నీ మేజర్ దీవిలో కరవొచ్చింది. చిన్న గింజలు అయిపోయి, పెద్దవి, గట్టివి మిగిలాయి. వాటిని పగలగొట్టగలిగిన పెద్ద ముక్కు పక్షులే ఎక్కువగా బతికాయి, వాటి పిల్లలకూ పెద్ద ముక్కులే వచ్చాయి. ఏళ్ల తరబడి అక్కడి పక్షుల ముక్కులు కొలిచిన పీటర్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు దీన్ని కళ్లారా చూశారు. ఏ పక్షీ తన ముక్కు మార్చుకోలేదు. తరం మారింది, అంతే.

‘ఏర్పరచుకున్నాయి’ కూడా అంతే. 1981లో వంద కిలోమీటర్ల పైన ఉన్న ఎస్పన్యోలా దీవి నుంచి వేరే జాతి మగపక్షి ఒకటి డాఫ్నీకి వచ్చి స్థానిక ఆడపక్షితో జతకట్టింది. ఆ సంతతి పాట వేరు, ముక్కు తీరు వేరు. స్థానిక పక్షులతో కలవక, వాటిలో అవే జతకట్టాయి. ఎవరూ ఏదీ ఏర్పరచుకోలేదు, ఒక వంశం వేరుపడింది.

‘వేరుపడటం’ ఇక్కడ నాకు ఎంతో ఇష్టమైన మాట. అన్నదమ్ములు వేరుపడినట్టే జాతులూ వేరుపడతాయి, ఒకటి ఇంకొకటిగా మారిపోదు. ‘కోతి మనిషైంది’ అని రాసే పిల్లలకు కూడా ఈ మాటే నేర్పండి.

వాక్యాన్ని ఇలా మార్చవచ్చు: ‘ఫించ్ పక్షుల ముక్కులు దొరికే తిండిని బట్టి తరతరానికీ మారుతూ వచ్చాయి. అలా అవి వేర్వేరు జాతులుగా వేరుపడ్డాయి.’

డార్విన్ కంటే ముందే పరిణామం గురించి రాసిన ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్కు పాఠంలో మాత్రం ‘జిరాఫీ మెడ సాగదీసుకుంది’ అని ఉంటే దిద్దకండి. 1809లో ఆయన అనుకున్నది అదే.