సగటు ఉద్యోగి జీతమా, ఉద్యోగుల సగటు జీతమా?

సందేహం: మా దుకాణంలో నలుగురి జీతాలు 12, 13, 14, 15 వేలు. మేనేజరుది 96 వేలు. ఓనరుకిచ్చిన రిపోర్టులో 'ఇక్కడ సగటు ఉద్యోగి జీతం 30 వేలు' అని రాస్తే ఆ నలుగురూ నా మీద పడ్డారు. లెక్క సరిగ్గానే ఉంది కదా! 'సరాసరి' అనాల్సిందా? బళ్లో చదివిన 'మధ్యగతం' వాడొచ్చా?

సమాధానం: లెక్క సరైనదే. మొత్తం లక్షా 50 వేలు, ఐదుతో భాగిస్తే 30 వేలే. చిక్కంతా 'సగటు'ను మీరు పెట్టిన చోట ఉంది. జీతానికి ముందు పెడితే అది భాగహారం. మనిషికి ముందు పెడితే మాత్రం ఎవరూ భాగహారం చెయ్యరు. 'సగటు మనిషి', 'సగటు ప్రేక్షకుడు' అంటే నలుగురిలో ఒకడు, సామాన్యుడు అనే అర్థం. అందుకే ఆ నలుగురూ అది తమ గురించే అనుకున్నారు. వాళ్లలో ఎవరికీ అందులో సగానికి మించి రావడం లేదాయె! 'ఉద్యోగుల సగటు జీతం' అని ఉంటే గొడవ మీ మీదికి కాక మేనేజరు మీదికి పోయేది.

'సరాసరి' అన్నా లెక్క అదే. మరాఠీ, కన్నడాల్లోనూ సగటుకు ఈ మాటే వాడతారు. కాకపోతే మనకు 'సరాసరి ఇంటికెళ్లాడు' అనే వాడుక కూడా ఉంది కాబట్టి, తికమక లేకుండా 'సగటున' అనడమే నాకిష్టం.

మధ్యగతం సగటుకు పర్యాయపదం కాదు. జీతాలను చిన్నదాని నుంచి పెద్దదాకా వరసగా పేరిస్తే నడిమధ్య నిలిచేది మధ్యగతం. మీ దగ్గర 14 వేలు. మేనేజరు జీతం 9 లక్షలైనా అది కదలదు. మీ మనసులోని 'సగటు ఉద్యోగి'కి దగ్గరి లెక్క ఇదే. ఎక్కువసార్లు వచ్చే విలువ బాహుళకం. మీ జాబితాలో ఏ జీతమూ రెండుసార్లు రాలేదు కాబట్టి దాని ఊసే లేదు. (సంధుల్లో చదివిన 'బహుళం' వేరు, దాన్ని ఇక్కడికి లాక్కురావద్దు.)

మీరు అడగకపోయినా ఇంకో మాట. సగటు ఒక్కటే చెబితే విలువలు ఎంత దూరం చెదిరి ఉన్నాయో తెలియదు. టెస్టు క్రికెట్‌లో ఆస్ట్రేలియా బ్యాటర్ బ్రాడ్‌మన్ సగటు 99.94 పరుగులు. అంటే దిగిన ప్రతిసారీ వందకు దగ్గర్లో ఆగాడని కాదు. 7 సార్లు డకౌటయ్యాడు, ఒకసారి 334 కొట్టాడు. ఇలా అన్నిటికన్నా పెద్ద విలువకూ చిన్న విలువకూ మధ్య తేడాను పాఠ్యపుస్తకాలు 'వ్యాప్తి' అంటాయి. కానీ వాడుకలో వ్యాప్తి అంటే జ్వరాల వ్యాప్తే గుర్తొస్తుంది. 'జీతాల వ్యాప్తి 84 వేలు' అని రాస్తే మీ ఓనరు బుర్ర గోక్కుంటాడు. తెలుగులో 'నుంచి... దాకా' ఆ పని హాయిగా చేసిపెడుతుంది. విలువలు సగటుకు ఎంత దూరంగా చెదిరాయో చెప్పే 'ప్రామాణిక విచలనం' అనే లెక్కను పరీక్షలకు వదిలేయండి.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: 'ఇక్కడ జీతాలు 12 వేల నుంచి 96 వేల దాకా ఉన్నాయి. సగటు 30 వేలు, మధ్యగతం 14 వేలు. మేనేజరును మినహాయిస్తే ఎవరి జీతమూ 15 వేలు దాటలేదు.'