చూడి గుర్రానికి నెలలు నిండకముందే పొదుగు దిగితే

మీ గుర్రానికి ఎనిమిదో నెల, అప్పుడే పొదుగు దిగింది, తోక కింద తెల్లటి తడి, స్వాబ్ పరీక్షలో స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వచ్చింది అన్నారు. పిల్ల దక్కుతుందా, ఈనాక చూపిస్తే సరిపోతుందా అని అడిగారు. దక్కే అవకాశం ఉందండీ, కానీ ఈనేదాకా ఆగకండి. వెంటనే స్కానింగ్ చేయించండి.

మాది విజయవాడ వన్‌టౌన్. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పడం నాన్నగారి కాలం నుంచీ మా ఇంటి పని. మా తెల్ల గుర్రానికి ఒక చూలు ఈసుకుపోయింది. తర్వాతి చూలులో సరిగ్గా మీరు చెప్పిన లక్షణాలే కనిపించాయి. పొదుగు చూసి ఇంట్లో అందరూ సంబరపడ్డారు. గుర్రం మోసేది సుమారు 340 రోజులు, పొదుగు నిండేది చివరి నెలలో. రెండు మూడు నెలల ముందే పాలు దిగాయంటే మాయకు ఇన్‌ఫెక్షన్ పట్టిందేమోనని అనుమానించాలి. మా దానికి తోక కింద తడి పెద్దగా లేదు, తొడల లోపలి వెంట్రుకలు మాత్రం గంజి ఎండినట్టు అట్టకట్టాయి. రోజూ మాలిష్ చేసేటప్పుడు అక్కడ చేత్తో తడిమి చూడండి.

బ్యాక్టీరియా అన్న మాటకే టెన్షన్ పడొద్దు. యోనిలో ఏవో కొన్ని ఎప్పుడూ ఉంటాయి. ఆడవాళ్లకిచ్చే లాక్టోబాసిల్లస్ మాత్రలు పెట్టమని ఎవరో చెప్పారన్నారు, వాటి మీద ఆశ పెట్టుకోకండి. మనుషుల్లో కాపు కాసే ఆ బ్యాక్టీరియా గుర్రాల్లో చాలా తక్కువ. గర్భసంచి మూతి దాటి మాయ దాకా పాకితేనే ప్రమాదం. స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్, ఈ కోలై, క్లెబ్సియెల్లా, సూడోమోనాస్ ఎక్కువగా ఆ దారినే వస్తాయి. వయసు మళ్లిన, చిక్కిన గుర్రాల్లో ఆసనం లోపలికి కుంగి, మానం (యోని ద్వారం) వాలుగా తిరుగుతుంది. లద్దె దాని మీదే పడుతుంది. నడుస్తుంటే గాలి పీల్చిన చప్పుడు వస్తుంది. మా దానికి ఆ చప్పుడుండేది.

గన్నవరం వెటర్నరీ కాలేజీలో ఆసనం గుండా స్కానింగ్ ప్రోబ్ పెట్టి, గర్భసంచి మూతి దగ్గర గోడ, మాయ కలిపి ఎంత మందముందో కొలిచారు. 270 రోజుల వరకు 7 మిల్లీమీటర్లు, 300 వరకు 8, 330 వరకు 10, ఆ తర్వాత 12 దాటకూడదు. మా దానికి దాటింది. పైగా మాయ గోడ నుంచి విడుతున్నట్టు తెరమీద నల్లటి సందు కనిపించింది. ట్రైమెథోప్రిమ్ సల్ఫా అనే యాంటీబయాటిక్, వాపు తగ్గే మందు, చూలు నిలవడానికి ఆల్ట్రినోజెస్ట్ ఇచ్చారు. డోసు మీ డాక్టరే చెప్పాలి, మెడికల్ షాపులో అడిగి వేయకండి. గర్భసంచి కడుగుతామని ఎవరైనా ట్యూబు తెస్తే మాత్రం అస్సలు ఒప్పుకోకండి. అది వట్టి గుర్రాలకు చేసే వైద్యం, చూడి మీద చేస్తే చూలే పోతుంది.

మాది కాస్త ముందుగా ఈనింది. పిల్ల బక్కగా ఉంది, చెవులు వాలిపోయి ఉన్నాయి, పట్టుకుంటే గానీ నిలబడలేకపోయింది. తల్లి నుంచి రోగనిరోధక శక్తి మాయ గుండా రాదు, అంతా ముర్రుపాలలోనే అందాలి. అందుకే తల్లి ముర్రుపాలను పితికి సీసాతో పట్టాం. బతికింది, ఇప్పుడు దాని అల్లరి పట్టలేం.

ఈనాక మాయ పారేయకండి. గోనె మీద పరిచి డాక్టర్‌కు చూపించండి. మా దాని మాయ అంతా ఎర్రగా ఉండి, మూతి వైపు మాత్రం గోధుమరంగుకు తిరిగి, మందంగా జిగటగా ఉంది. మాయ 3 గంటల్లో పడకపోతే అర్ధరాత్రయినా డాక్టర్‌ను పిలవాలి. ఆలస్యమైతే జ్వరం, గిట్టల వాపు వచ్చి తల్లికే ప్రాణం మీదకొస్తుంది.

మళ్లీ దాటించే ముందు గర్భసంచి స్వాబ్ తీయించండి. మానం వాలుగా ఉంటే పైభాగం కుట్టే కాస్లిక్ ఆపరేషన్ ఉంది, మేం చేయించాం. ఈనడానికి వారం పది రోజుల ముందు ఆ కుట్లు విప్పించడం మరవకండి, లేకపోతే చీలిపోతుంది. గన్నవరం దాకా బండి కుదరకపోతే పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి, చూడి గుర్రమని ముందే చెప్పండి.