వీల్యాన్లు పెట్టమన్నారు, ఉద్యోగం మానేసి కోర్సులో చేరాలా?

ప్రశ్న: బీఎస్సీ కంప్యూటర్స్ చదివాను. ఏడాదిగా గుంటూరులో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసులో సిస్టమ్స్ చూసుకుంటున్నాను. 14 కంప్యూటర్లు, ఒక టాలీ సర్వర్, 6 సీసీ కెమెరాలు, వైఫై ఉన్నాయి. ఈమధ్య 24 పోర్టుల మేనేజ్డ్ స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ కలిపే, సెట్టింగులు మార్చుకోగల పెట్టె) కొని, దాంట్లో వీల్యాన్లు పెట్టమన్నారు. నాకు రాదు, టెన్షన్‌గా ఉంది. ఉద్యోగం మానేసి అమీర్‌పేటలో సీసీఎన్ఏ (సిస్కో కంపెనీ ఇచ్చే నెట్‌వర్కింగ్ సర్టిఫికెట్) కోచింగ్‌కి వెళ్దామంటే నాన్నగారు 'వైర్లు లాగే పని ఆడపిల్లకెందుకు, కోడింగ్ నేర్చుకో' అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఉద్యోగం మానకండమ్మా. నెట్‌వర్కింగ్ నేర్చుకునేవాళ్లకు అసలైన స్విచ్ చేతికి దొరకడమే కష్టం. మీకు స్విచ్ ఉంది, దాంతో చేయాల్సిన నిజమైన పనీ ఉంది. ఆ పని పూర్తి చేశాకే కోర్సు గురించి ఆలోచించండి.

ఆ పని ఎందుకు చేయమన్నారో చూడండి. మీ ఆఫీసుకి వచ్చిన క్లయింటు వైఫై పాస్‌వర్డ్ అడుగుతాడు, మీరు ఇస్తారు. ఆ క్షణం నుంచి అతని ఫోన్, మీ టాలీ సర్వర్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నట్టు. అందరి లెక్కలూ ఉన్న ఆఫీసులో అది మంచిది కాదు. వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ని లోపల్లోపల విడివిడి స్విచ్‌లుగా పంచడం. ఒకే ఇంట్లో గోడలు కట్టి మూడు వాటాలు చేసినట్టు.

కాగితం మీద మొదలుపెట్టండి. స్టాఫ్ కంప్యూటర్లకు, టాలీ సర్వర్‌కి 10, కెమెరాలకు 20, గెస్టులకు 30 అని నంబర్లు ఇచ్చుకోండి. ఐపీ అడ్రసులు కూడా అలాగే 192.168.10, 192.168.20, 192.168.30తో మొదలైతే తర్వాత ఎవరు చూసినా అర్థమవుతుంది. ఒక్క కంప్యూటరో కెమెరానో తగిలించే పోర్టు యాక్సెస్ పోర్టు, అది ఒక్క వీల్యాన్‌కే చెందుతుంది. వైఫై యాక్సెస్ పాయింట్ ఉన్న పోర్టు, రౌటర్‌కి వెళ్లే పోర్టు మాత్రం ట్రంక్ కావాలి, ఎందుకంటే ఆ ఒక్క వైరులోనే రెండు మూడు వీల్యాన్ల ట్రాఫిక్ నడుస్తుంది. ఏది ఎవరిదో తెలియడానికి వైరులో వెళ్లే డేటా ముక్కకు, అంటే ఫ్రేముకు, 4 బైట్ల ట్యాగ్ తగిలిస్తారు. ఆ పద్ధతి పేరే 802.1క్యూ. ట్యాగ్‌లో నంబరుకి 12 బిట్లే ఉన్నాయి, అంటే 0 నుంచి 4095 దాకా 4096 నంబర్లు. మొదటిదీ చివరిదీ వాడకూడదు కాబట్టి వాడుకోదగ్గవి 1 నుంచి 4094 వరకే. ఇంటర్వ్యూలో ఈ 4094 ఎలా వచ్చిందని అడిగితే బట్టీ కొట్టినవాళ్లు అక్కడే ఆగిపోతారు.

బ్రౌజర్లో తెరుచుకునే స్మార్ట్ స్విచ్ అయితే యాక్సెస్, ట్రంక్ అన్న మాటలు కనబడకపోవచ్చు. అన్‌ట్యాగ్డ్, ట్యాగ్డ్ అని ఉంటాయి. అక్కడ కొత్తవాళ్లు ఇరుక్కునే చోటు ఒకటుంది. పోర్టుని వీల్యాన్ 10లో అన్‌ట్యాగ్డ్‌గా పెడతారు, పీవీఐడీ (ట్యాగ్ లేకుండా పోర్టులోకి వచ్చే ట్రాఫిక్ ఏ వీల్యాన్‌దో చెప్పే నంబరు) అనే ఇంకో పేజీలో ఆ పోర్టుకి 10 ఇవ్వడం మర్చిపోతారు. కంప్యూటర్ నుంచి బయల్దేరిన ట్రాఫిక్ పాత వీల్యాన్ 1లోకే పోతుంది. రెండూ మార్చాలి, మార్చాక సేవ్ నొక్కాలి. లేదంటే కరెంటు పోయి వచ్చేసరికి చేసిందంతా పోవచ్చు.

ఏదో ఒక కంప్యూటర్లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనబడితే భయపడకండి. దానికి డీహెచ్‌సీపీ నుంచి, అంటే ఐపీ అడ్రసులు దానంతట అదే పంచే ఏర్పాటు నుంచి, అడ్రస్ అందలేదని అర్థం. ప్రతి వీల్యాన్‌కీ విడిగా అడ్రసులు ఇచ్చే ఏర్పాటు రౌటర్లో ఉండాలి. అసలు మీ రౌటర్‌కి ట్యాగులు అర్థమవుతాయా అన్నది ముందే చూసుకోండి. ఇంటర్నెట్ కంపెనీవాళ్లు ఇచ్చే మామూలు రౌటర్లు చాలావాటిలో ఆ సౌకర్యం ఉండదు. అప్పుడు స్విచ్ ఎంత మంచిదైనా లాభం లేదు. ఆ మాట మీ సార్‌కి పని మొదలుపెట్టకముందే చెప్పండి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. వీల్యాన్లు వేసినంత మాత్రాన గెస్టులు టాలీ సర్వర్ దగ్గరికి రాకుండా ఆగిపోరు. మూడు వీల్యాన్లూ రౌటర్ దగ్గర కలుస్తాయి. అక్కడ అడ్డు చెప్పే రూల్ లేకపోతే చాలా రౌటర్లు ఒకదాన్నుంచి ఇంకోదానికి దారి ఇచ్చేస్తాయి. 30 నుంచి 10కి, 20కి వెళ్లకూడదు, ఇంటర్నెట్‌కి మాత్రం వెళ్లొచ్చు అని రూల్ రాయాల్సిందే.

నేను ఈ సలహాల పనిలోకి రాకముందు కొన్నేళ్లు నెట్‌వర్క్ ఇంజినీర్‌గా చేశాను. ఒక ఆఫీసులో ట్రంక్ పోర్టుకి వీల్యాన్ 30 కలపాలి. సిస్కో స్విచ్‌లో 'స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 30' అని కొట్టాలి. నేను 'యాడ్' వదిలేశాను. స్విచ్ దాన్ని ఉన్నవన్నీ తీసేసి 30 ఒక్కటే ఉంచమన్నట్టు తీసుకుంది. ఒక ఫ్లోరంతా నెట్ పోయింది, దూరం నుంచి లాగిన్ అయిన నా కనెక్షన్ కూడా పోయింది. స్విచ్‌కి నేరుగా తగిలించే కన్సోల్ కేబుల్ పట్టుకుని మెట్లెక్కి వెళ్లి సరిచేసేదాకా అక్కడ పని ఆగిపోయింది. ఆ రోజు నా సీనియర్ ఒక పద్ధతి నేర్పారు. ఇలాంటి మార్పుకి ముందు ఉన్నది సేవ్ చేసుకుని, 'రీలోడ్ ఇన్ 10' అని కొట్టాలి. కొత్త మార్పుని మాత్రం అప్పుడే సేవ్ చేయకూడదు. తప్పు జరిగి లాక్ అయిపోయినా 10 నిమిషాలకు స్విచ్ దానంతట అదే రీస్టార్టయి పాత స్థితికి వస్తుంది. అంతా బాగుంటే 'రీలోడ్ క్యాన్సిల్' కొట్టి సేవ్ చేసుకోవాలి. మీది సిస్కో కాకపోతే ఆదివారం స్విచ్ పక్కనే కూర్చుని చేయండి. ఒక పోర్టుని వీల్యాన్ 1లోనే వదిలి, మీ ల్యాప్‌టాప్ దానికే తగిలించుకోండి. కెమెరాలను చివర్లో మార్చండి. వాటికి ఐపీ సాధారణంగా చేత్తో ఇచ్చి ఉంటారు, ఒక్కోదాన్నీ తెరిచి మార్చాలి.

ఇక నాన్నగారి మాట. కేబుల్ లాగే పని వేరే, నెట్‌వర్క్ ఇంజినీర్ పని వేరే. ఎక్కువ భాగం స్క్రీన్ ముందే గడుస్తుంది. కానీ మొదటి ఉద్యోగాలు చాలావరకు ఎన్‌ఓసీల్లో (నెట్‌వర్క్‌ని రాత్రీపగలూ కనిపెట్టుకుని ఉండే కేంద్రాల్లో) ఉంటాయి, అక్కడ నైట్ షిఫ్టులు తప్పవు. అది దాచకుండా ఆయనకు చెప్పండి. కోడింగ్ అన్న మాటలో కూడా న్యాయం ఉంది. వంద స్విచ్‌లలో ఒకే మార్పు చేయాలంటే ఇప్పుడు పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాస్తారు. క్లౌడ్‌లోనూ ఇవే సబ్‌నెట్లు (మీరు 10, 20, 30 అని విడదీసిన అడ్రసుల వాటాల్లాంటివి), ఇవే రూల్స్. అమెజాన్ క్లౌడ్‌కి 2022 నుంచి హైదరాబాద్‌లో రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) ఉంది. కాబట్టి రోజుకో అరగంట పైథాన్ మొదలుపెట్టండి, ఆయన మాటా విన్నట్టవుతుంది.

సీసీఎన్ఏకి ఇప్పుడే డబ్బు కట్టకండి. కంప్యూటర్లోనే ఉత్తుత్తి నెట్‌వర్క్ కట్టి చూసుకునే సిస్కో ప్యాకెట్ ట్రేసర్ ఉచితం, సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో పేరు నమోదు చేసుకుంటే వస్తుంది. మీ ఆఫీసు నెట్‌వర్క్‌నే అందులో గీసి, తప్పులన్నీ అక్కడ చేయండి. మూడు నాలుగు నెలలు సాయంత్రాలు కూర్చున్నాక కూడా సబ్‌నెటింగ్, రౌటింగ్ ఒంటపట్టకపోతే అప్పుడు కోచింగ్ చూడండి, అదీ శని, ఆదివారాల బ్యాచ్. సీసీఎన్ఏ పరీక్ష (కోడ్ 200-301) ఫీజు 300 డాలర్లు, పన్ను అదనం. పాసైతే మూడేళ్లు చెల్లుతుంది. అందుకే సిద్ధమయ్యాకే కట్టాలి.

పని అయ్యాక గెస్ట్ వైఫైలో మీ ఫోన్ పెట్టి టాలీ సర్వర్‌కి పింగ్ చేయండి, అంటే అది అందుతోందా అని పలకరించి చూడండి, జవాబు రాకూడదు. స్టాఫ్ కంప్యూటర్ నుంచి చేస్తే రావాలి. ఆ రెండూ చూసుకున్నాక ఏ పోర్టు ఏ వీల్యాన్‌దో రాసిన కాగితం ర్యాక్ తలుపు లోపల అంటించండి, ఒక కాపీ మీ ఫైల్లో పెట్టుకోండి. ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు ఆ కాగితం తీసుకెళ్లండి.