పాఠకుల ప్రశ్నలు, జవాబులు: నీటి లోపలి నుంచి వచ్చే ప్రతిధ్వని

ప్రశ్న: మా చిన్నాన్నగారు కృష్ణా-గోదావరి బేసిన్‌లో చమురు కోసం సైస్మిక్ సర్వే చేసే ఓడలో పనిచేశారు. ఒత్తిడిలో ఉన్న గాలిని ఒక్కసారిగా నీటిలోకి వదిలే ఎయిర్ గన్‌లు పేల్చి, సముద్రపు అడుగు కింది రాతిపొరల నుంచి వచ్చే ప్రతిధ్వనిని నమోదు చేసేవాళ్లమని చెప్పేవారు. అదే పద్ధతితో అంటార్కిటికా సముద్రంలో చిన్న చిన్న ప్రవాహాలను కూడా పరిశీలిస్తున్నారని ఈమధ్య చదివాను. రాయి నుంచి ప్రతిధ్వని వస్తుందంటే అర్థమవుతుంది గాని, నీటి నుంచి ఎలా వస్తుంది?
(ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: ఒక పటికబెల్లం ముక్కను దారానికి కట్టి, గాజు గ్లాసులోని నీళ్లలో పైభాగాన మునిగేలా వేలాడదీసి, కదపకుండా పక్కనుంచి చూడండి. ముక్క నుంచి సన్నని తీగలు అడుగుకు జారుతూ కనిపిస్తాయి. ఆ తీగలూ నీళ్లే, వాటి చుట్టూ ఉన్నవీ నీళ్లే. అయినా సాంద్రతలో ఉన్న తేడా వల్ల వెలుగు అక్కడ కాస్త వంగుతుంది కాబట్టి అవి కంటికి ఆనుతాయి. సముద్రంలో ధ్వని విషయంలోనూ దాదాపు ఇదే జరుగుతుంది. సముద్రపు నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు ప్రయాణిస్తుంది. చల్లని నీటిలో ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ పెరిగితే ఆ వేగం నాలుగు మీటర్లకు పైగా పెరుగుతుంది. ఉప్పదనం మారినా వేగం మారుతుంది గాని, ఆ ప్రభావం తక్కువ. ఒక చల్లని పొర కింద వెచ్చని పొర ఉన్నప్పుడు, రెండూ కలిసే సరిహద్దు దగ్గర ధ్వనిలో అతి స్వల్పమైన భాగం వెనక్కి తిరుగుతుంది.

అది ఎంత స్వల్పమో చెప్పాలి. పొరల మధ్య తేడా ఒక డిగ్రీ ఉంటే, వెనక్కి వచ్చే తరంగం ఎత్తు పంపినదానిలో వెయ్యో వంతు, లేదా అంతకు కాస్త ఎక్కువ ఉంటుంది. సముద్రపు అడుగు నేల నుంచి వచ్చే ప్రతిధ్వని దీనికి వంద రెట్లు బలంగా ఉండగలదు. పైగా 500 మీటర్ల లోతు నుంచి రావలసిన ప్రతిధ్వని సెకనులో మూడింట రెండు వంతుల కాలంలోనే వచ్చేస్తుంది. అప్పటికి ఎయిర్ గన్ నుంచి నేరుగా హైడ్రోఫోన్లకు (నీటిలో ధ్వనిని పట్టే మైకులకు) చేరిన మోత ఇంకా పూర్తిగా అణగదు. అందుకే చమురు సర్వేల్లో నేల కంటే పైన నమోదైన భాగాన్ని పనికిరాని రొదగా భావించి చెరిపివేయడం చాలాకాలం ఆనవాయితీగా ఉండేది. 1980ల చివర్లో ఒకరిద్దరు అందులో ఏదో ఉందని గమనించినా, దానికి తగిన గుర్తింపు రాలేదు. 2003లో భూభౌతిక శాస్త్రవేత్త స్టీవెన్ హోల్‌బ్రూక్, ఆయన సహచరులు కెనడా తూర్పు తీరంలోని న్యూఫౌండ్‌లాండ్ దగ్గర చల్లని లాబ్రడార్ ప్రవాహం, వెచ్చని ఉత్తర అట్లాంటిక్ ప్రవాహం ఎదురుపడే చోటి రికార్డులను తీసుకుని, చెరిపివేసే ఆ భాగాన్నే జాగ్రత్తగా శుద్ధి చేసి ప్రచురించారు. నీటిపొరలు అల్లుకున్న తీరు అందులో కిలోమీటర్ల పొడవునా గీతలుగా కనిపించింది. ఏళ్ల తరబడి చెత్తబుట్టలో వేసినది సముద్రపు చిత్రమేనని అప్పుడు తెలిసింది. దీనిని తలుచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే కలుగుతుంది.

ప్రశ్న: ప్రవాహాలను చూడడానికి ఉపగ్రహాలు, సముద్రంలో తేలే పరికరాలు ఉన్నాయి కదా? ధ్రువ ప్రాంతాల్లో ఇంత శ్రమ ఎందుకు?
(ఒక విద్యార్థిని, హైదరాబాద్)

జవాబు: అక్కడి సుడులు, అంటే గుండ్రంగా తిరిగే ప్రవాహాలు, చాలా చిన్నవి. సుడి పరిమాణాన్ని ముఖ్యంగా రెండు విషయాలు నిర్ణయిస్తాయి: భూభ్రమణం వల్ల నీటిని పక్కకు తిప్పే ప్రభావం, పై నీటికీ కింది నీటికీ మధ్య సాంద్రతలో తేడా. ధ్రువాల దగ్గర మొదటిది గరిష్ఠంగా ఉంటుంది, రెండోది చాలాచోట్ల తక్కువగా ఉంటుంది. అందువల్ల బంగాళాఖాతంలో వంద, రెండు వందల కిలోమీటర్ల వెడల్పు సుడులు సాధారణమైతే, ధ్రువ సముద్రాల్లో పది కిలోమీటర్లు, అంతకంటే చిన్నవి కూడా ముఖ్యమైనవే. ఉపగ్రహం నీటి ఉపరితలాన్నే కొలవగలదు, మంచు కప్పిన చోట అదీ కష్టమే. తేలే పరికరాలు సమాచారం పంపడానికి పైకి రావాలి, మంచు అడ్డుపడుతుంది. ఓడను ఆపి, పరికరాన్ని తీగతో లోతుకు దించి కొలిచే పాత పద్ధతి ఎంతో నమ్మకమైనదే గాని, ముప్పై కిలోమీటర్లకు ఒకసారి దించితే మధ్యలో ఉన్న ఐదు కిలోమీటర్ల సుడి దొరకదు. మన దేశం 2014లో ఉత్తర ధ్రువ ప్రాంతంలోని నార్వే దీవులైన స్వాల్‌బార్డ్‌లోని కాంగ్స్‌ఫియోర్డెన్ అనే సముద్రపు పాయలో సుమారు 190 మీటర్ల లోతున నిలిపిన ఇండార్క్ వంటి నీటి అడుగు పరిశీలన కేంద్రం ఒకే చోట కాలమంతా కొలుస్తుంది. సైస్మిక్ పద్ధతి ఒక పొడవాటి దారి మొత్తాన్ని, పై నుంచి కింది దాకా, సుమారు పది మీటర్ల మందం గల పొరలను కూడా విడదీసి చూపుతుంది.

దీని వల్ల ఏం తెలిసిందో అంటార్కిటిక్ ద్వీపకల్పానికి పశ్చిమాన ఉన్న బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రంలో చూడవచ్చు. అక్కడ మంచుగడ్డ అయ్యేటంత చల్లని నీరు పైన ఉంటుంది. దాని కింద, ఎక్కువ ఉప్పదనం వల్ల బరువైన వెచ్చని నీరు ఉంటుంది. వెచ్చని అంటే మనకు వెచ్చని కాదు, సున్నాకు ఒక డిగ్రీ పైన మాత్రమే. కానీ సముద్రంపై తేలే హిమఫలకాల అడుగును కరిగించడానికి అది సరిపోతుంది. ఈ వెచ్చని నీరు సముద్రం కింద ఉన్న ఖండపు అంచును దాటి తీరం వైపుకు ఎలా చేరుతోందన్నది పెద్ద ప్రశ్న. 2015 ఫిబ్రవరిలో అక్కడ జరిపిన సర్వే చిత్రాల్లో, పై 300 మీటర్ల నీటిలో ఒక కిలోమీటరు లోపు నుంచి 11 కిలోమీటర్ల దాకా వ్యాసం, 100 నుంచి 150 మీటర్ల మందం ఉన్న వెచ్చని సుడులు కనిపించాయి. చిత్రంలో అలాంటి సుడి పప్పుగింజను నిలువుగా కోసినట్టుంటుంది: అంచుల్లో గట్టి గీతలు, లోపల దాదాపు ఖాళీ. ఖాళీ అంటే లోపలి నీరు ఒకే తీరుగా ఉందని అర్థం.

ఒక విషయం స్పష్టం చేయాలి. ఈ చిత్రం ప్రవాహ వేగాన్ని నేరుగా కొలవదు, పొరల సరిహద్దులనే చూపుతుంది. గీతల వాలును బట్టి వేగాన్ని లెక్కకట్టాలి. గీత ఎన్ని డిగ్రీల తేడాను సూచిస్తోందో తెలియాలంటే అదే సమయంలో నీటిలోకి ఉష్ణోగ్రత పరికరాలను కూడా జారవిడవాలి. ఓడ గంటకు ఎనిమిది, తొమ్మిది కిలోమీటర్లే నడుస్తుంది కాబట్టి, ఈ చివర మొదలుపెట్టి ఆ చివర చేరేలోగా సుడి కాస్త జరిగిపోతుంది కూడా.

ప్రశ్న: ఆ పేలుళ్ల వల్ల తిమింగలాలకు హాని లేదా?
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: ఉంటుంది, మీ ఆందోళన సరైనదే. కొన్ని తిమింగలాలు ఎయిర్ గన్ ధ్వనికి దారి మార్చుకుంటాయి, తమ పిలుపులను మార్చుకుంటాయి. అందుకే చాలా సర్వేల్లో ఓడపై కాపలా ఉండి చుట్టూ గమనిస్తారు, పేలుడు బలాన్ని కొద్దికొద్దిగా పెంచుతారు, జంతువు దగ్గరికి వస్తే ఆపుతారు. ఇవి హానిని తగ్గిస్తాయి గాని తుడిచివేయవు. అంటార్కిటికాలో 1991 మాడ్రిడ్ ఒప్పందం ఖనిజాల కోసం జరిగే పనులను నిషేధించి, శాస్త్రపరిశోధనను మాత్రమే అనుమతించింది. నా మటుకు, కొత్త ఓడను పంపే ముందు రాతిపొరల కోసం ఇప్పటికే చేసిన సర్వేల రికార్డులను తిరిగి తెరవడం మేలనిపిస్తుంది. ఒకసారి పేల్చిన ధ్వని ఎలాగూ పేలింది. దాని ప్రతిధ్వనిలో నీటికి సంబంధించిన భాగం, చెరిపివేయకుండా దాచి ఉంటే, ఆ టేపుల్లోనే ఉంటుంది.