మిద్దె నీళ్లు బోరులోకి వదలొచ్చా?

ప్రశ్న: బెంగళూరు హొరమావులో మాది 30×40 సైటు, 900 అడుగుల బోరు. ఎండాకాలంలో అరగంట నడిస్తే గాలి కొడుతోంది, ట్యాంకర్లు తప్పడం లేదు. మిద్దె మీది వాన నీళ్లను పైపు వేసి నేరుగా బోరు కేసింగులోకి వదిలితే బోరు పుంజుకుంటుందని ప్లంబరు అంటున్నాడు. చేయించమంటారా?
– ఒక గృహిణి

జవాబు: వద్దండీ. పావురాల రెట్ట, దుమ్ము మట్టిలో వడకట్టుకోకుండా రాతి పగుళ్లలోకి దిగిపోతాయి. సన్నటి బురద ఆ పగుళ్లనే పూడ్చేస్తుంది. పాడయ్యేది మీ బోరొక్కటే కాదు, అవే పగుళ్ల నుంచి తోడుకునే పక్కింటి బోరు కూడా.

ముందు సంపు నింపండి. మిద్దె 1,000 చదరపు అడుగులుంటే దాదాపు 93 చదరపు మీటర్లు. ఒక మిల్లీమీటరు వానకు చదరపు మీటరుకు ఒక లీటరు వస్తుంది. 20 మిల్లీమీటర్ల వానకు 15 శాతం నష్టం తీసేసినా 1,580 లీటర్లు. బెంగళూరులో మామూలు ఏడాదికి 900 మిల్లీమీటర్లకు పైనే కురుస్తుంది, అంటే 70 వేల లీటర్లు!

మిద్దెను కడిగే తొలి వాన నీళ్లు మాత్రం బయటికి పోవాలి. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటి మిల్లీమీటరుకే 93 లీటర్లు వస్తాయి. ప్లంబర్లు బిగించే మీటరు పొడవు, 4 అంగుళాల పైపు ముక్కలో పట్టేది 8 లీటర్లు! దాని బదులు వాల్వు పెట్టి, నీళ్లు తేటపడేదాకా తెరిచి ఉంచండి. ఆ తర్వాత ఇసుక, కంకర పోసిన ఫిల్టరు డ్రమ్ము గుండా సంపులోకి మళ్లించండి. ఇసుక మందంగా పోస్తే పెద్ద వానకు డ్రమ్ము పొర్లుతుంది. పై పొరను వానాకాలానికి ముందు తీసి కడగాలి. ఈ నీళ్లు వాడకానికే, తాగాలంటే శుద్ధి చేసుకోవాల్సిందే.

సంపు నిండాక పొర్లే నీళ్లకు ఇంకుడు బావి తవ్వించండి. 3 అడుగుల వెడల్పు, 20 అడుగుల లోతు ఉంటే 4,000 లీటర్లు పడుతుంది, 50 మిల్లీమీటర్ల వానకు మీ మిద్దె నుంచి వచ్చేది దాదాపు అంతే. సిమెంటు రింగుల అతుకులకు సిమెంటు పూయనివ్వకండి, నీళ్లు ఇంకేది అక్కడి నుంచే. రింగుల చుట్టూ కంకర కూరాలి, బావి లోపల మాత్రం ఏమీ పోయొద్దు. కంకరతో నింపితే నీళ్లకు చోటు సగానికి పైగా పోతుంది, పూడిక తీయడమూ కుదరదు. పైన కాంక్రీటు మూత తప్పనిసరి. పునాదికి, మరుగుదొడ్డి గుంతకు దగ్గరగా వద్దు. ఇక్కడ బావులు తవ్వే మన్ను వడ్డర్లలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే, బేరం సులువు.

ఇంకిన నీళ్లు ముందు చేరేది పై పొరలకు. 900 అడుగుల బోరు ఒక్క వానాకాలంలో కోలుకుంటుందని ఆశ పెట్టుకోవద్దు. ట్యాంకర్లు తగ్గేది సంపు వల్లే.

ప్రశ్న: ఆర్వో వదిలేసే నీళ్లు కుండీలకు పోయొచ్చా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: రోజూ వద్దు. లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు వదిలే యంత్రంలోకి 800 టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల కొలత) ఉన్న నీళ్లు వెళ్తే బయటికొచ్చేవి దాదాపు 1,050 ఉంటాయి. కుండీ మట్టిలో ఉప్పు పేరుకుని తెల్లటి పొర కడుతుంది, ఆకుల కొసలు మాడతాయి. ఇల్లు తుడవడానికి, మరుగుదొడ్డికి వాడండి. ఇప్పటికే పోసుంటే కుండీలను వానలో పెట్టి, అడుగు చిల్లుల నుంచి నీళ్లు బాగా కారిపోనివ్వండి.